ఒక బుడిపె ఎక్కువ

మీట నొక్కింది సోల్మోన్.
ఏమీ కాలేదు.
మళ్ళీ నొక్కింది, ఈసారి కొంచెం మర్యాదగా,
కునుకు తీస్తున్న పెద్దమనిషి భుజం తట్టినట్టు.
ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఎనిమిది నెలల జీతంలోంచి గిల్లి గిల్లి కొన్న సామాను.
ఉన్ని మిల్లులో రాత్రి పాళీలు చేసి
సెప్టెంబరులో ప్రాసెసరు, అక్టోబరులో మదర్‌బోర్డు.
పెట్టె మాత్రం నరాన్‌తూల్ సంతలో,
మూత మీద గీత చూపించి బేరమాడి.
రసీదులన్నీ ఒక క్లిప్పుకి గుచ్చి దాచింది.

"మామయ్యా, నువ్వు కరెంటు మనిషివి కదా" అంది.
అవును.
ఇరవయ్యారేళ్ళుగా ఉలాన్‌బాతర్ ట్రాలీబస్సులకి
నాడి పట్టి చూసేది నేనే.
ఆరువందల వోల్టుల తీగ కింద నిలబడి టీ తాగినవాణ్ణి.
ఇక్కడ పన్నెండు వోల్టులు
నన్ను చూసి నవ్వుతున్నాయి.

బయట మైనస్ ముప్పై రెండు.
వీధంతా బొగ్గు పొగ, ఇంట్లో తేమ చుక్క లేదు,
స్వెటరు విప్పితే చిటపట నిప్పురవ్వలు.
అందుకే ప్రతి ముక్కనీ ముట్టుకునే ముందు
రేడియేటర్ని ముట్టుకుంటున్నాం ఇద్దరం,
గడపకి దణ్ణం పెట్టుకున్నట్టు.

మొదట గోడ సాకెట్‌ని అనుమానించాం.
టేబుల్ లైటు పెడితే వెలిగింది. నిర్దోషి.
వెనకాల చిన్న స్విచ్చు వేసే ఉంది,
ఉంటుందని తెలుసు, అయినా నాలుగుసార్లు చూశాను.
ఇరవైనాలుగు కాళ్ళ పెద్ద తీగని పీకి
టక్కుమనేదాకా మళ్ళీ గుచ్చాం.
మెమరీ పలకలు రెండూ తీసి ఒకటి పెట్టాం,
అది తీసి రెండోది పెట్టాం.
ఫ్యాను అరచుట్టు తిరిగి
ఏదో చెప్పబోయి మానుకున్న మనిషిలా
ఆగిపోయింది.

ఆ అరచుట్టే నన్ను లేవనివ్వలేదు.
చచ్చిందైతే కదలదు.
బాగుంటే ఆగదు.
లోపలెక్కడో ఎవరో గొంతు నొక్కుతున్నారు.

సోల్మోన్ ఏడవలేదు. గోరు కొరుక్కుంది.
"నేనే పాడుచేశానేమో" అంది గోడతో.
నాకు ఓదార్చడం రాదు. మా డిపోలో ఎవరికీ రాదు.
"అంతా విప్పు" అన్నాను.

విప్పింది.
ఏ మరలు దేనివో కలిసిపోకుండా
బిస్కెట్ డబ్బా మూతల్లో వేరువేరుగా పోసుకుంటూ.
గాజు తలుపూ ఆర్భాటమూ పక్కకి జరిగాక
చొక్కా విప్పి డాక్టరు ముందు కూర్చున్నవాడిలా
అట్టముక్క మీద బోర్డు ఒక్కటే మిగిలింది.
ఇప్పుడు నొక్కడానికి మీట కూడా లేదు.
రెండు సన్నటి సూదులు,
వాటికి అడ్డంగా స్క్రూడ్రైవర్ మొన ఆనించాను.

తిరిగింది.
ఆగుతుందేమోనని ఊపిరి బిగబట్టాం.
తిరుగుతూనే ఉంది.

ఖాళీ పెట్టెలోకి టార్చి వేసి చూస్తే
బోర్డు ఆనడానికి ఇత్తడి బుడిపెలు తొమ్మిది.
బోర్డుకి కన్నాలు ఎనిమిది.
ఇంకేదో పెద్ద బోర్డు వస్తుందని
కర్మాగారంలో ఎవరో ముందే బిగించిన తొమ్మిదోది
వీపు మీది టంకం చుక్కలకి తగిలి
నొక్కిన ప్రతిసారీ ప్రాణాన్ని పెట్టెలోకి ఇంకించేసింది.

రాత్రంతా వెతికింది ఏం తక్కువైందా అని.
తక్కువైంది ఏదీ లేదు.
మోయడానికి వచ్చిన చెయ్యి
ఒకటి ఎక్కువ.

"ఆగు, నేను బిగిస్తా" అంటూ
సాయంత్రం నుంచి ఆ పిల్ల చేతిలోంచి
స్క్రూడ్రైవర్ లాక్కుంటున్న నా చెయ్యి గుర్తొచ్చింది.
దాన్ని జేబులో పెట్టుకున్నాను.

మళ్ళీ బిగించింది తనే, ఒక్కతే.
నేను వెళ్ళి పాల టీ కాచాను.
ఉప్పు ఎక్కువ పడింది.

రెండుంబావుకి తెర మేలుకుంది.
నలుపు మీద తెలుపు అక్షరాల్లో దాని మొదటి మాట:
కీబోర్డు కనబడలేదు.

సోల్మోన్ నన్ను చూసింది.
నేను రసీదుల వంక చూశాను.
పదకొండున్నాయి. అందులో కీబోర్డు లేదు.

ఈ చలిలో, ఈ వేళప్పుడు ఏ కొట్టు తెరిచుంటుంది?
ఆ ఒక్క వాక్యం వెలుతుర్లో కూర్చుని
టీ తాగాం, ఉప్పు సంగతి ఎత్తకుండా.
ఫ్యాను తిరుగుతోంది.
ఆపుదామని ఎవరమూ అనలేదు.